కడప నుంచి డాన్యూబ్ గట్టు దాకా: యూరప్‌లో జట్టుగా సైకిల్ యాత్రకు ఎలా సిద్ధం కావాలి

యూరప్‌లో సైకిల్ టూర్ అనగానే మా కడపలో ఎవరైనా మొదట అడిగేది సైకిల్ గురించే. ఏ కంపెనీది, గేర్లెన్ని, రేటెంత అని. తర్వాత కాళ్ల గురించి అడుగుతారు, అంత దూరం తొక్కగలమా అని. రెండూ అడగాల్సినవే. నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మా ఊరి పెద్దవాళ్ల జట్టుతో డాన్యూబ్ నది వెంబడి జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా తొక్కాను. ఇప్పుడు హంగరీ రాజధాని బుడాపెస్ట్ దాకా వెళ్లే ఇంకో జట్టును తయారు చేస్తున్నాను. నాకు అర్థమైంది ఇది: సైకిల్ చెడిపోతే దారిలో బాగుచేసే షాపు దొరుకుతుంది. కాళ్లు నొప్పి పెడితే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. జట్టులో మాటలు చెడితే మాత్రం అక్కడ బాగుచేసేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే సైకిల్ కన్నా ముందు జట్టును సిద్ధం చేసుకోండి.

దారి ఎంచుకోవడం

యూరప్ అంతటా సైకిళ్ల కోసం యూరోవెలో అనే పేరుతో 17 పొడవైన దారులున్నాయి. వాటిలో ఆరో నంబరు దారి ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన మొదలై రొమేనియాలో నల్ల సముద్రం దాకా పోతుంది, నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. అంతా ఒకేసారి తొక్కాలనే పట్టు వద్దు. మొదటిసారి వెళ్లే జట్టుకు అందులో పాసౌ నుంచి వియన్నా దాకా ఉన్న ముక్క చాలు. సుమారు 320 కిలోమీటర్లు, వారం రోజుల పని. ఇంకో వారం సెలవుంటే స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా మీదుగా బుడాపెస్ట్‌కు మరో 300 కిలోమీటర్లు.

ఈ ముక్కనే ఎందుకు చెబుతున్నానంటే, నది పారే వైపే మనమూ పోతాం కాబట్టి పెద్ద ఎక్కుడు ఉండదు. గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచి వీస్తుంది, అంటే మన వీపు వెనక నుంచి. చాలాచోట్ల కార్లు రాని తారు దారి, వరద కట్టల మీద. కొన్ని కిలోమీటర్లకో ఊరు తగులుతుంది. దగ్గర్లోనే రైలు మార్గం కూడా ఉంటుంది కాబట్టి ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రైలెక్కి సాయంత్రానికి జట్టును కలుసుకోవచ్చు. ఆల్ప్స్ కొండలు ఎక్కాలని కుర్రాళ్లకు ఉబలాటంగా ఉంటుంది. వయసులు, ఓపికలు వేరువేరుగా ఉన్న జట్టుకు మాత్రం మొదటిసారి నది దారే సరైనది. దారి తప్పుతామన్న టెన్షన్ అక్కర్లేదు. నీలం బోర్డు మీద పసుపు నక్షత్రాల వలయం, మధ్యలో 6 అంకె కనిపిస్తే మీ దారిలోనే ఉన్నారు.

కాలం విషయం. మే రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది. మా లాంటి టీచర్లకు బడి సెలవులు జూన్ రెండో వారంలోపు అయిపోతాయి కాబట్టి మే నడిమిలో బయల్దేరతాం. అప్పుడక్కడ రాత్రి ఎనిమిది దాటినా వెలుగుంటుంది. అయితే వాన ఎప్పుడైనా రావచ్చు. పెద్ద వానలు పడితే నది పొంగి గట్టు దారి మూసేస్తారు. పాసౌ టౌన్‌హాల్ గోడ మీద ఏ ఏడు నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గీతలు గీసి పెట్టారు. 2013 జూన్ గీత చూస్తే తలెత్తాల్సిందే. అందుకే ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

జట్టుతో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి

ఆరుగురు నుంచి ఎనిమిది మంది దాకా బాగుంటుంది. అంతకు మించితే హోటల్ గదులు, రైల్లో సైకిళ్ల చోటు, భోజనానికి బల్ల, అన్నీ కష్టమే.

టికెట్లు కొనకముందే అందర్నీ ఒక ఇంట్లో కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇవ్వండి. నాలుగు ప్రశ్నలకు ఎవరికి వాళ్లు, పక్కవాళ్లది చూడకుండా జవాబు రాయాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలని ఉంది? పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి? తిండికి, పడకకు రోజుకు ఎంత ఖర్చు పెట్టగలరు? అసలు ఎందుకు వస్తున్నారు? ఈ నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులే అసలైనవి. మా జట్టులో రిటైరైన బ్యాంకు పెద్దాయన ఒకరు ప్రతి ఊళ్లో చర్చి, కోట చూడాలని రాశారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు రోజుకు వంద కిలోమీటర్లు కొట్టాలని రాశాడు. ఒక వదినమ్మ 'ఇంట్లో వంట లేకుండా పది రోజులు' అని రాసింది. ముగ్గురి కోరికా న్యాయమైనదే. ముందే తెలిసింది కాబట్టి సర్దుకున్నాం. పొద్దున అందరం కలిసి బయల్దేరతాం, మధ్యాహ్నం అనుకున్న చోట కలుస్తాం. ఆ తర్వాత కుర్రాడు కావాలంటే ముందుకు పోయి తిరిగి రావచ్చు, పెద్దాయన దారిలో వచ్చే మెల్క్ మఠం దగ్గర రెండు గంటలు నిలబడవచ్చు. సాయంత్రం వంటగది ఉన్న బస దొరికినా వదినమ్మ గరిటె ముట్టదు, ఆ పని మగవాళ్లది.

వేగం మీద మాత్రం బేరం లేదు. జట్టు వేగం అంటే అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషి వేగం. మామూలుగా గంటకు 14, 15 కిలోమీటర్లు వస్తుంది. దాన్ని బట్టి రోజుకు 50 కిలోమీటర్లు అనుకుంటే మూడున్నర నాలుగు గంటలు సీటు మీద ఉంటారు. ఫొటోలు, టీలు, పంక్చర్లు కలుపుకుంటే రోజు నిండిపోతుంది. వెనకబడిన మనిషి కోసం ఆగినప్పుడు ఒక మర్యాద పాటించాలి. ఆ మనిషి వచ్చి చేరగానే అందరూ సైకిలెక్కి బయల్దేరకూడదు. ముందొచ్చినవాళ్లు పది నిమిషాలు కూర్చుని ఉంటారు, అలసిపోయి వచ్చినవాళ్లకు ఒక్క నిమిషమైనా విశ్రాంతి ఉండదు. వాళ్లు నీళ్లు తాగి, 'పోదాం' అని వాళ్ల నోటితో అన్నాకే కదలాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఒక మనిషి మూడో రోజు నవ్వుతూ ఉంటుందా కళ్లనీళ్లు పెట్టుకుంటుందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

డబ్బు. తలా ఇంత అని యూరోలు వేసి ఉమ్మడి పర్సు పెట్టండి, ఒక్కరే లెక్క రాయాలి. కూరగాయలు, రొట్టెలు, టీ, పడవ టికెట్లు అందులోంచి. మద్యం, షాపింగ్, ఎవరికి వాళ్లు కోరుకున్న ప్రత్యేక భోజనం సొంత జేబులోంచి. హంగరీలో యూరో కాదు, ఫోరింట్ నడుస్తుంది. గదుల్లో ఎవరితో ఎవరు, గురక పెట్టేవాళ్లు ఎవరు అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మొహమాటపడి దాటేయొద్దు.

వీసా, బీమా

ఇది త్వరగా చెప్పేస్తాను. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే చెల్లే షెంజెన్ వీసా కావాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ నాలుగూ అందులోనే ఉన్నాయి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పాసౌ నుంచి వియన్నా అయితే అది ఆస్ట్రియా. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు, కానీ అంత దాకా ఆగొద్దు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, గడిచిన పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు. ఆ పాలసీలో సైకిల్ తొక్కుతూ పడితే వర్తిస్తుందా లేదా అన్నది చదివి చూడండి, కొన్నింటిలో సాహస క్రీడల కింద మినహాయిస్తారు. కడప నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడూ ఒక రాత్రి ప్రయాణమే. మన చిరునామాకు ఏ కేంద్రంలో తీసుకుంటారో ఆ దేశపు వీసా సైట్‌లో చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోండి. జట్టుగా వెళ్తున్నా ఎవరి దరఖాస్తు వాళ్లదే. దరఖాస్తుతో పెట్టే ఉత్తరాల్లో అందరి రోజువారీ ప్లాన్ మాత్రం ఒకేలా ఉండాలి. ఉద్యోగస్తులు సెలవు మంజూరు పత్రం, ప్రభుత్వ ఉద్యోగులైతే విదేశం వెళ్లడానికి శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. దీనికే ఎక్కువ రోజులు పడుతుంది, సంక్రాంతికల్లా ఫైలు కదిలించండి.

కడపలో శిక్షణ

మే నెల ప్రయాణానికి సంక్రాంతి అయిన వారం నుంచి మొదలుపెడితే నాలుగు నెలలుంటాయి. అది చాలు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు గంటల తరబడి తొక్కితే షుగర్ పడిపోయే ప్రమాదముంది కాబట్టి మందుల మోతాదు గురించి అడిగి తెలుసుకోవాలి.

వారంలో రెండు రోజులు పొద్దున గంట సేపు, ఆదివారం పొడవు సవారి. మొదటి నెల ఆదివారం 20, 25 కిలోమీటర్లు. రెండో నెల ఒంటిమిట్ట దాకా పోయి రావడం, అంటే సుమారు 50 కిలోమీటర్లు, డాన్యూబ్ మీద ఒక రోజుకు సరిగ్గా అంతే. రాముల గుడి ముందు చెరువు గట్టున కూర్చుని బొరుగులు తిని తిరిగి వస్తే ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు. మార్చి నుంచి శనివారం, ఆదివారం వరుసగా తొక్కాలి. ఒక్క రోజు 60 తొక్కడం చాలామందికి వస్తుంది. ఒళ్లు నొప్పులతో రెండో పొద్దున లేచి మళ్లీ అదే సీటు మీద కూర్చోవడమే నేర్చుకోవాల్సింది. ఆఖరి పరీక్షగా గండికోట. పోవడానికి 80 కిలోమీటర్లకు పైనే, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు తిరిగి రావాలి. అది మార్చి లోపల చేసేయండి, ఏప్రిల్ ఎండలో ఆ రోడ్డు మీద నీడ దొరకదు.

నది దారి చదునుగా ఉంటుంది కదా, కొండలెక్కే శిక్షణ ఎందుకని అడుగుతారు. నేను అడిగేది వేరే. చదును దారికి శిక్షణ చేశారా? కొండ దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి, పిర్రలు సీటు మీంచి లేస్తాయి, చేతులు కదులుతాయి. చదును మీద అదేమీ ఉండదు. నాలుగు గంటలు ఆపకుండా తొక్కుతూనే ఉండాలి, ఒకే తీరున కూర్చుని. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది. అందుకని కేసీ కాలువ గట్టు వెంట మట్టి దారిలో, ఎక్కడా వేగం పెంచకుండా, ఆగకుండా గంటన్నర తొక్కడం అలవాటు చేయండి. ప్రతి పావుగంటకు ఒకసారి లేచి నిలబడి పది సార్లు తొక్కి కూర్చోవాలి. హ్యాండిల్ మీద చేతుల చోటు మారుస్తూ ఉండాలి. ఇది అలవాటైతే అక్కడ ఒళ్లు చెప్పిన మాట వింటుంది.

గువ్వలచెరువు ఘాటు ఎక్కుదామని కుర్రాళ్లు పట్టుబడతారు. ఒకసారి మంచిదే, గేర్లు వాడడం అక్కడ బాగా తెలుస్తుంది. ఎక్కుడు మొదలయ్యాక గేరు మార్చితే చైను కొట్టుకుంటుంది, ముందే తేలిక గేరుకు రావాలి. కానీ ఆ ఘాటులో బరువు లారీలు దిగుతాయి, మలుపుల్లో ప్రమాదాలు జరిగిన చోటది. ఆదివారం తెల్లారగానే పోవాలి. ఒకరి వెనక ఒకరు పోవాలి, దిగేటప్పుడు మధ్యలో కనీసం పది సైకిళ్ల దూరం ఉండాలి. పైన కోవా తిని దిగండి.

ఏప్రిల్‌లో పొద్దున ఐదుకు బయల్దేరి ఏడున్నరకు ఇంట్లో ఉండాలి. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం, ఓఆర్‌ఎస్ తప్పనిసరి. ఇక్కడి ఎండకు దాహం దానంతటదే గుర్తొస్తుంది. అక్కడ చల్లగా ఉండి దాహం అనిపించదు, చెమట గాలికే ఆరిపోతుంది, నీళ్లు తాగడం మర్చిపోతారు. గంటకో అర లీటరు తాగే అలవాటు ఇక్కడే చేయించాలి. ఆస్ట్రియాలో కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

ఆఖరి నెల బరువుతో తొక్కాలి. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు కట్టి ఒక్కోదాంట్లో ఐదు కిలోల బియ్యం మూట పెట్టండి. సైకిల్ మలుపులో ఎలా వాలుతుందో, బ్రేక్ వేశాక ఎంత దూరం పోయి ఆగుతుందో, స్టాండు వేస్తే ఏ పక్కకు పడుతుందో మొదటి రోజే తెలిసిపోతుంది.

గ్రౌండులో సున్నం గీతలు

నేను అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టేది దీని మీద. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడి పక్కన పోతాయి. పుట్టినప్పటి నుంచి ఎడమ పక్కన నడిచిన ఒంటికి ఇది చెబితే రాదు, చేయించాలి. మన రోడ్ల మీద కుడి పక్కన ప్రాక్టీసు చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే కాబట్టి బడి గ్రౌండు ఉండాలి.

ట్రాకు గీసే సున్నంతో గ్రౌండు మధ్యలో పెద్ద వలయం, దాని లోపల చిన్న వలయం గీస్తాను. నాలుగు వైపుల నుంచి నాలుగు రోడ్లు వచ్చి కలిసేలా గీతలు, ప్రతి రోడ్డుకూ నడిమి గీత. ఇది రౌండబౌట్. మనకు అప్సర సర్కిల్‌లోనైనా ఏడు రోడ్ల దగ్గరైనా బండ్లు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. అక్కడ దానికి ఎదురు. జట్టులో సగం మందిని కార్లుగా నడిపిస్తాను, చేతులు చాచి పరుగెత్తుతూ. మిగతావాళ్లు సైకిళ్ల మీద. రోడ్డుకు కుడి పక్కన రావాలి, వలయం అంచున ఆగి ముందు ఎడమకు చూడాలి, ఎందుకంటే బండి వచ్చేది అటు నుంచి. లోపల తిరిగేవాళ్లకు దారిచ్చి, ఖాళీ చూసి దూరాలి. లోపలికొచ్చాక అంచుకు అతుక్కోకుండా వరస మధ్యలో ఉండాలి, అప్పుడే వెనక కారుకు మనం కనిపిస్తాం. బయటికి పోయే ముందు కుడి చెయ్యి చాచాలి. మొదటి అరగంట అందరూ ఒకరినొకరు గుద్దుకోబోతారు. మెదడు కుడి అంటుంది, మెడ తనంతట తాను కుడికే తిరుగుతుంది, బండి ఎడమ నుంచి వస్తుంది. ఐదారు వారాలు వారానికి అరగంట చేస్తే మెడ ఎడమకు తిరగడం మొదలుపెడుతుంది. ఆ రోజు దాకా ఎవ్వరినీ వదలను.

ఇంకో నియమం కూడా అక్కడే నేర్పాలి. ఏ బోర్డూ, సిగ్నలూ లేని చిన్న కూడళ్లలో మన కుడి పక్క నుంచి వచ్చే బండికి మనం దారివ్వాలి, జర్మనీ, ఆస్ట్రియాల్లో అదే చట్టం. కాబట్టి ఎడమకు చూడడం, కుడికి ఆగడం రెండూ రావాలి. పెద్ద రోడ్డులో ఎడమకు తిరగాల్సి వస్తే, మన దగ్గర కుడికి తిరిగినంత కష్టం. భయమేస్తే దిగి, పాదచారుల దాటు దగ్గర సైకిల్ నడిపించుకుంటూ దాటండి, అందులో నామోషీ ఏమీ లేదు.

బ్రేకుల సంగతి మర్చిపోవద్దు. మన సైకిళ్లకు మామూలుగా కుడి చేతిది ముందు చక్రం బ్రేకు. అక్కడి సైకిళ్లకు ఎడమ చేతిది ముందు చక్రానికి. కంగారులో అలవాటు కొద్దీ ఎడమ చేతిని గట్టిగా నొక్కితే ముందు చక్రం బిగిసి మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. ఒక పాత సైకిల్‌కు మెకానిక్‌తో రెండు బ్రేకు తీగలూ అటుది ఇటు మార్పించి గ్రౌండులో అందరితో తొక్కించండి. రెండు చేతులూ కలిపి, మెల్లగా, సమానంగా నొక్కడం అలవాటు చేయడమే ఉపాయం. కొన్ని అద్దె సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు కూడా ఉంటుంది. మొదటి రోజు పార్కింగ్‌లో చూసుకున్నాకే రోడ్డెక్కాలి.

జట్టుగా నడిచే పద్ధతి. ముందు ఒకరు దారి చూపుతారు. అందరికన్నా వెనక ఒకరు ఉంటారు, పంపు, పంక్చర్ సామాను, మందుల పెట్టె ఆ మనిషి దగ్గర. ముందున్న మనిషిని ఎవరూ దాటకూడదు, ఆఖరి మనిషి వెనక ఎవరూ మిగలకూడదు. దారి మలుపు తిరిగిన ప్రతిచోటా రెండో స్థానంలో ఉన్నవాళ్లు అక్కడే ఆగి, అందరికీ చేత్తో దారి చూపి, ఆఖరి మనిషి వచ్చే దాకా నిలబడి, ఆ మనిషికి ముందు చేరి బయల్దేరాలి. ముందున్న మనిషి వెనక్కి చూడక్కర్లేదు, వెనకవాళ్లు మ్యాపు చూడక్కర్లేదు, తప్పిపోవడం ఉండదు. ప్రతి మలుపుకూ మనిషి మారతారు కాబట్టి అందరూ అందరితో మాట్లాడతారు, అదింకో లాభం. కేకలు చిన్నవిగా, తెలుగులోనే ఉండాలి. ముందు గుంత ఉంటే 'గుంత', వెనక బండి వస్తే 'బండి', ఆగేటప్పుడు 'ఆగుతున్నా'. చెప్పకుండా ఆగడం అందరికన్నా పెద్ద తప్పు.

సైకిల్: తీసుకుపోవాలా, అద్దెకా

జట్టుకు నా సలహా అద్దెకే. పాసౌలో అద్దెకు తీసుకుని వియన్నాలో అప్పగించే ఏర్పాటు దొరుకుతుంది, పక్క సంచులు కూడా ఇస్తారు. ప్రతి ఒక్కరి ఎత్తు సెంటీమీటర్లలో ముందే పంపాలి. నెమ్మదిగా తొక్కేవాళ్లకు బ్యాటరీ సైకిల్ తీసుకుంటే జట్టు వేగం సమానమవుతుంది. దాన్ని చిన్నతనంగా అనుకోవద్దు, అరవై దాటిన మా అత్తగారి వయసువాళ్లు అక్కడ హాయిగా దానిమీదే పోతున్నారు. సొంత సీటు మాత్రం ఇక్కడి నుంచే పట్టుకుపోండి. నాలుగు నెలలు ఏ సీటుకు ఒళ్లు అలవాటు పడిందో అదే కావాలి. ఆడవాళ్లకు వెనక భాగం కొంచెం వెడల్పుగా ఉన్న సీటు నప్పుతుంది.

సొంత సైకిలే కావాలంటే కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టె షాపులో అడిగి తెచ్చుకోండి. సీటు ఎత్తు దగ్గర రాడ్డుకు ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టి, అప్పుడు దించండి. పెడల్స్ విప్పేటప్పుడు జాగ్రత్త. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమ పెడల్ మర ఎదురు, బిగించే వైపు తిప్పితేనే వదులుతుంది. తెలియక బలం పెడితే మర పోతుంది. హ్యాండిల్ పక్కకు తిప్పండి. ముందు చక్రం తీసి, ఫోర్కు మధ్యలో సరిగ్గా పట్టే చెక్కముక్క పెట్టండి, పైన బరువు పడితే వంగకుండా. వెనక గేరు మార్చే భాగాన్ని విప్పి పాత గుడ్డలో చుట్టి చక్రం లోపలి వైపు కట్టేయండి, విమానంలో మొదట విరిగేది అదే. టైర్లలో గాలి సగం తీయండి. విప్పిన మరలన్నీ ఒక డబ్బాలో వేసి ఆ డబ్బాను ఫ్రేముకే కట్టండి. మొత్తం బరువు 23 కిలోలు దాటకుండా చూసి, సైకిల్ తెస్తున్నామని విమానం వాళ్లకు బుకింగ్‌లోనే చెప్పండి. బ్యాటరీ సైకిల్ బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

పంక్చర్ వేయడం జట్టులో అందరికీ రావాలి. మా గ్రౌండులో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక్కొక్కరు నా ముందు ట్యూబు విప్పి, అతుకు వేసి, ఎక్కించి చూపించాకే టికెట్లు కొన్నాం.

తిండి

యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు ఏవీ వద్దు. గువ్వలచెరువు కోవా ఎంత బాగున్నా ఇంట్లోనే తినేసి బయల్దేరండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. చెనిక్కాయల పొడి, నూనెలో ఊరిన పచ్చడి, చెనిక్కాయ పప్పు చిక్కీ, వేయించిన బొరుగులు పట్టుకుపోవచ్చు. సీసాలు పగలకుండా ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ టేపు వేయండి.

ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఇది తెలియని జట్టు ఆకలితో పడుకోవాల్సిందే. శనివారం సాయంత్రంలోపు రెండు పూటల సరుకు కొనిపెట్టుకోవాలి. శాకాహారులకు రొట్టె, చీజు, బంగాళాదుంపలు, నూడుల్స్ లాంటివి దొరుకుతాయి గానీ హోటళ్లలో మన పప్పన్నం దొరకదు. రెండు మూడు రోజులకోసారి వంటగది ఉన్న బస చూసుకుంటే బియ్యం, పప్పు వండుకోవచ్చు. సంగటి కోసం రాగిపిండి కిలో ఒకటి జట్టు మొత్తానికి పెట్టుకోండి. నాలుగో రోజు రాత్రి వేడివేడి సంగటి ముద్ద చూస్తే ఎంత అలసినవాళ్లకైనా ప్రాణం లేచొస్తుంది.

బట్టలు, ఒళ్లు

సంచితో కలిపి తలా పది కిలోలు దాటకూడదు. మెత్త ఉన్న సైకిల్ షార్ట్సు రెండు, రాత్రి ఒకటి ఉతికి ఆరేస్తే పొద్దునకు ఇంకొకటి ఉంటుంది. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. తొడల సందున కొబ్బరి నూనె లేదా వాజలీన్. మంచి రెయిన్‌కోటు, గాలికి తొడుక్కునే పల్చటి జాకెట్టు, వేళ్లు మూసే గ్లౌజులు. మే పొద్దున అక్కడ పది డిగ్రీలుంటుంది, మన సంక్రాంతి చలి కన్నా ఎక్కువ. హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు, మెరిసే జాకెట్టు తప్పనిసరి.

ఆడవాళ్లకు ఒక మాట. నెలసరి రోజులు లెక్క చూసుకుని ఆ రోజుల్లో తక్కువ దూరం పెట్టమని జట్టుకు ముందే చెప్పండి, సిగ్గు పడొద్దు. ప్యాడ్లు ఇక్కడి నుంచే పట్టుకుపోండి. చాలాచోట్ల టాయిలెట్‌కు చిల్లర వేయాలి, అందుకని నాణేలు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. మగవాళ్లు గట్టు పక్కన ఆగినంత సులువు కాదు మనకు, కాబట్టి ప్రతి ఊళ్లో కాఫీ షాపు దగ్గర ఆగాలని జట్టు నియమంగా పెట్టండి.

మందులు రెండు వేరువేరు సంచుల్లో ఉండాలి, చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ప్రతి ఒక్కరి హ్యాండిల్ సంచిలో ఒక కార్డు: పేరు, రక్తం గ్రూపు, పాలసీ నంబరు, ఆ రాత్రి బస చిరునామా. ఈ దారిలోని ఏ దేశంలోనైనా ఆపదకు ఫోన్ నంబరు 112.

చివరి వారం, మొదటి రోజు

బయల్దేరే ముందు వారం తొక్కడం తగ్గించండి, చిన్న సవారీలు చాలు. సంచులు తూకం వేయించి, బరువెక్కిన వాటిని అందరి ముందు విప్పించండి. తీసేయమంటే బాధపడతారు గానీ మోసేటప్పుడు సంతోషిస్తారు. మ్యాపులు ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా అందరి ఫోన్లలో దించుకోవాలి.

మ్యూనిక్‌లో దిగి రైల్లో పాసౌ చేరినాక రెండు రాత్రులు అక్కడే నిద్రపోండి. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడు నదులు కలిసే ఊరది, నడిచి చూడండి. రెండో రోజు మధ్యాహ్నం సైకిళ్లు తీసుకుని బ్రేకులు, సీటు ఎత్తు, గేర్లు ఖాళీ చోట సరిచూసుకుని ఊళ్లోనే ఒక గంట తిరగండి. మూడో పొద్దున అసలు ప్రయాణం. ఆ రోజు ష్లోగెన్ దాకా చాలు, 40 కిలోమీటర్ల పైచిలుకు. నది అక్కడ పెద్ద మెలిక తిరుగుతుంది, అవతలి గట్టుకు సైకిళ్లను దాటించే చిన్న పడవ ఉంటుంది. పడవ ఎప్పటి దాకా నడుస్తుందో పొద్దున్నే కనుక్కుని, దాన్ని బట్టి మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేయాలో తేల్చుకుని బయల్దేరండి.